వానాకాలంలో హైదరాబాద్ నుంచి అరకు దాకా బైక్ మీద: సమగ్ర మార్గదర్శి

జూన్ వచ్చిందంటే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: వానల్లో అరకు వెళ్ళాలనుంది, బండి మీద వెళ్ళొచ్చా? వెళ్ళొచ్చు. కానీ ఎండాకాలం లెక్కతో వెళ్ళకూడదు. వానలో ఇబ్బంది పడేవాళ్ళలో ఎక్కువమందికి బండి నడపడం రాక కాదు, సాయంత్రానికి ఫలానా ఊరు చేరి తీరాలన్న తొందర వల్లే. అందుకే ముందు టైము గురించి, ఆ తర్వాతే బ్రేకుల గురించి.

దారి ఇదీ: ఎన్‌హెచ్-65 మీద విజయవాడ, సుమారు 275 కిలోమీటర్లు. అక్కడినుంచి ఎన్‌హెచ్-16 మీద విశాఖ, సుమారు 350. ఆపైన ఎస్.కోట మీదుగా అరకు, సుమారు 115. మీరు వెళ్ళేది శ్రీశైలమైనా, మారేడుమిల్లి అయినా ఇందులో చాలా భాగం అలాగే పనికొస్తుంది.

1. వెళ్ళాలా, ఆగాలా: ముందురోజు రాత్రి తేల్చుకోండి

వాతావరణ శాఖ రంగుల హెచ్చరికలు జిల్లాలవారీగా వస్తాయి. మీ ఊరి సంగతి ఒక్కటే చూసి బయల్దేరితే లాభం లేదు. ఆ రోజు మీరు దాటబోయే జిల్లాలన్నీ చూడాలి: నల్గొండ, సూర్యాపేట, ఎన్టీఆర్, ఏలూరు... ఇలా వరసగా.

నేను పాటించే పద్ధతి ఇది:

- ఆకుపచ్చ, పసుపు: బయల్దేరవచ్చు. రెయిన్‌కోటు పై జేబులోనే ఉండాలి.
- నారింజ: ఆ జిల్లా దాటే టైము మార్చుకోవాలి, లేదా ఒక పూట ఆగాలి.
- ఎరుపు: ఆ రోజు బండి తీయకూడదు. గది అడ్వాన్సు పోయినా సరే.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అతి భారీ అన్న మాట కనిపిస్తే మీ దారిలో వాగులు రోడ్డెక్కే అవకాశం ఉందని అనుకోండి.

ఫోన్లో మౌసమ్, దామిని యాప్‌లు వేసుకోండి. రెండోది పిడుగుల కోసం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సంగతి వేరు. అది తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర దాటింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్త వస్తే, అది ఎటు పోతుందో తేలేదాకా కోస్తా వైపు బండి తిప్పకండి.

2. రోజుకి ఎంత దూరం

పొడి రోడ్డు మీద రెండు రోజుల్లో అరకు చేరేవాళ్ళు వానాకాలంలో మూడు రోజులు పెట్టుకోవాలి. మొదటి రోజు విజయవాడ లేదా ఏలూరు, రెండో రోజు విశాఖ లేదా అనకాపల్లి, మూడో రోజు పొద్దున్నే ఘాట్.

ముసురు పట్టిన రోజు సాయంత్రం ఐదున్నరకే చీకటి పడ్డట్టుంటుంది. ఐదింటికల్లా గదిలో ఉండేలా లెక్క వేసుకోండి. రాత్రి, వాన, ఎదురుగా హైబీమ్... ఈ మూడూ కలిస్తే తడిసిన హెల్మెట్ అద్దం మీద వెలుగు చెదిరి, రోడ్డు ఎక్కడుందో కూడా తెలియదు.

ప్రతి రోజుకీ ఒక మధ్య మజిలీ ముందే అనుకోండి. మొదటి రోజైతే సూర్యాపేట లేదా కోదాడ, రెండో రోజైతే రాజమండ్రి లేదా తుని. లాడ్జీలు, మెకానిక్కులు దొరికే ఊళ్ళు ఇవి. ఆగాల్సివస్తే ఎక్కడ ఆగాలో ముందే తెలిసుంటే, ఆగడానికి మనసు మొరాయించదు.

ఇంకో సంగతి: హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద టూవీలర్లకి అనుమతి లేదు. ఎల్బీ నగర్, హయత్‌నగర్ మీదుగానే బయటపడాలి. ఆ ట్రాఫిక్‌కి టైము కలుపుకోండి.

3. బండి తయారీ

వారం ముందే సర్వీసింగ్ చేయించండి. బయల్దేరే ముందురోజు చేయిస్తే, అందులో ఏదైనా లోపం ఉంటే అది హైవే మీదే బయటపడుతుంది.

ముఖ్యమైనవి టైర్లు. గాడి లోపల టీడబ్ల్యూఐ అని చిన్న గుర్తు ఉంటుంది. రబ్బరు అరిగి ఆ మట్టానికి వచ్చిందంటే టైరు పని అయిపోయినట్టే. వాన ప్రయాణానికి అంతదాకా ఆగొద్దు. గాడి లోతు రెండు మిల్లీమీటర్లకి తగ్గితే మార్చేయండి. కింద నీళ్ళని పక్కకి తోసేది ఆ గాడులే.

గాలి విషయంలో ఒక అపోహ ఉంది: వానలో కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుందని. తారు రోడ్డు మీద అలా చేయొద్దు. గాలి తగ్గితే గాడులు మూసుకుపోయి నీళ్ళు బయటికి పోవు. కంపెనీ చెప్పినంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పెట్టించండి.

మిగతావి టిక్కు పెట్టుకుంటూ చూడండి:

- డిస్క్ ప్యాడ్లు, డ్రమ్ము ఉంటే బ్రేక్ షూలు
- చైన్ బిగువు, ఆయిల్
- హెడ్‌లైటు, బ్రేక్ లైటు (రెండు బ్రేకులకీ వెలుగుతోందా), ఇండికేటర్లు
- బ్యాటరీ టెర్మినళ్ళకి కొద్దిగా గ్రీజు
- స్పార్క్ ప్లగ్ క్యాప్ గట్టిగా కూర్చుందా
- సీటు తీసి, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి ఎక్కడినుంచి పోతోందో మీ కళ్ళతో చూడండి. నీళ్ళలో దిగాల్సి వస్తే ఆ ఎత్తు మీకు తెలిసుండాలి
- వెనక మడ్‌గార్డ్ ఫ్లాప్

పనిముట్లు: ప్లగ్ స్పానర్, పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు, ఇన్సులేషన్ టేపు, కేబుల్ టైలు, చైన్ స్ప్రే.

4. ఒంటి మీద, సంచిలో

రెయిన్‌సూటు రెండు ముక్కలది ఉండాలి, చొక్కా వేరు, ప్యాంటు వేరు. జాకెట్ మీద వేసుకునేలా ఒక సైజు పెద్దది తీసుకోండి. మెడనుంచి వేలాడే ముసుగులాంటి పోంచో హైవేకి పనికిరాదు. గాలికి తెరచాపలా లేచి చేతులకి అడ్డం పడుతుంది, అంచు వెనక చక్రంలోకి పోయే ప్రమాదమూ ఉంది. రంగు పసుపో, నారింజో ఉండాలి. నల్ల రెయిన్‌కోటు మబ్బు పట్టిన వేళ లారీ డ్రైవర్‌కి కనిపించదు.

హెల్మెట్ ఐఎస్‌ఐ గుర్తున్నది, ముఖమంతా కప్పేది, అద్దం తెల్లది. వానలో అసలు పోరాటం ఈ అద్దంతోనే. బయట చినుకులు, లోపల మీ ఊపిరి ఆవిరి. పిన్‌లాక్ పొర (ఆవిరి పట్టకుండా అద్దం లోపల పెట్టే రెండో పొర) పెట్టే వీలున్న హెల్మెట్ అయితే అంతకంటే మంచిది లేదు. లేకపోతే లోపలివైపు ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ రాసి, ఆరాక మెత్తటి బట్టతో మెరిసేదాకా తుడవండి. కొన్ని గంటలు ఆవిరి పట్టదు. గీతలు పడ్డ పాత అద్దాన్ని మాత్రం ఏ చిట్కా కాపాడదు, మార్చేయాలి.

గ్లోవ్స్ రెండు జతలు. తడిసి బిగుసుకుపోయిన వేళ్ళతో క్లచ్, బ్రేక్ సరిగ్గా అందవు. వాటర్‌ప్రూఫ్ షూలు లేకపోతే మేజోళ్ళ మీద పాలిథిన్ కవరు తొడిగి షూ వేసుకోండి. చూడ్డానికి బాగోకపోయినా కాలు పొడిగా ఉంటుంది. ప్యాంటు కాలు షూ పైనుంచి బయటికి ఉండాలి. లోపలికి దోపితే నీళ్ళన్నీ షూలోకే.

బ్యాగుకి పైన వేసే రెయిన్ కవరుని నమ్మొద్దు, గాలికి ఎగిరిపోతుంది. బ్యాగు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, బట్టలు అందులో సర్ది, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఒక పొడి బనీను, తువ్వాలు, మేజోళ్ళు మాత్రం విడిగా, పైనే చేతికందేలా ఉంచండి.

ఫోను తడిసిందా, ఛార్జింగ్ పెట్టకండి. పోర్టు ఆరేదాకా ఆగండి. దారి ముఖ్యమైన ఊళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకుని ట్యాంకు బ్యాగులో పెట్టుకుంటే ఫోను లేకపోయినా నడుస్తుంది. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు డిజిలాకర్‌లో ఉంటే చాలు. నంబర్లు మూడు గుర్తుంచుకోండి: 112, అంబులెన్సుకి 108, జాతీయ రహదారి మీద సాయానికి 1033.

5. రోడ్డు తడిశాక నడిపే తీరు

చినుకు మొదలైన తొలి పావుగంట చాలా చెడ్డది. రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము, రబ్బరు పొడి నీళ్ళతో కలిసి జిగురు జిగురుగా పైకి తేలుతుంది. గట్టి వాన కాసేపు కురిస్తే అది కొట్టుకుపోతుంది. కాబట్టి చినుకు పడగానే బండి ఆపి రెయిన్‌సూటు వేసుకోండి, ఒక టీ తాగండి. ఆ పావుగంట రోడ్డు మీద లేకపోవడమే మేలు.

వేగం. పొడి రోడ్డు మీద 80లో పోయేచోట 55, 60 చాలు. 60లో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతారు. మీరు చూసి, తేల్చుకుని, బ్రేకు పట్టేలోపే ఆ సెకను అయిపోతుంది.

దూరం. ముందు బండి ఒక కిలోమీటరు రాయిని దాటాక నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టండి. మీరు ఆ రాయి దగ్గరికి వచ్చేసరికి నాలుగు పూర్తయి ఉండాలి. అంతకుముందే చేరుకుంటే దగ్గరగా ఉన్నట్టు.

బ్రేకు. ముందు బ్రేకు వానలో ముట్టుకోకూడదని చాలామంది నమ్ముతారు. ఇది పెద్ద తప్పు. బండిని ఆపే శక్తి ఎక్కువ భాగం ముందు చక్రానిదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం లాక్ అయి బండి పక్కకి ఈడుస్తుంది. చేయాల్సింది ఇదీ:

- యాక్సిలరేటర్ వదలండి, ఇంజన్ వేగాన్ని తగ్గించనివ్వండి.
- రెండు బ్రేకులూ కలిపి, మొదట మెల్లగా తాకండి.
- ముందు ఫోర్కు కొంచెం కిందికి దిగిందని చేతులకి తెలిశాక పట్టు పెంచండి.
- బండి నిటారుగా ఉండగానే బ్రేకు పని ముగించండి. వంపులో వద్దు.

125 సీసీ దాటిన బళ్ళకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రాన్ని లాక్ కానివ్వదు, అంతవరకే. బండి ఆగే దూరాన్ని పొడి రోడ్డంత చేయలేదు. చాలా బళ్ళకి ముందు చక్రానికే ఉంటుంది. మీది ఏదో తెలుసుకోండి.

గేర్లు. ఒక గేరు ఎక్కువలో, తక్కువ ఆర్‌పీఎంతో పోతే వెనక చక్రానికి కుదుపు తగలదు. గేరు దించాక క్లచ్ ఒక్కసారిగా వదిలితే వెనక చక్రం జారుతుంది. మెల్లగా వదలాలి.

హ్యాండిల్ గట్టిగా బిగించి పట్టుకోవద్దు. మోకాళ్ళతో ట్యాంకు పట్టుకుని, మోచేతులు వదులుగా ఉంచండి. ముందు చక్రం కొంచెం అటూఇటూ అయినా దానంతటదే సర్దుకుంటుంది. దాన్ని సర్దుకోనివ్వకుండా చేసేది బిగుసుకుపోయిన మన చేతులే.

6. మన రోడ్ల మీద జారే చోట్లు

వేరే దేశాల వీడియోల్లో ఇవి చెప్పరు, అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను.

పొలం బురద. జూలై, ఆగస్టుల్లో నాట్ల కాలం. దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డెక్కితే చక్రాలనుంచి రాలిన బురద గట్లు గట్లుగా పడి ఉంటుంది. పైన ఎండినట్టు కనిపించినా చినుకు పడితే సబ్బే. అలాంటి చోట బ్రేకూ వద్దు, యాక్సిలరేటరూ వద్దు. ఒకే వేగంతో, నిటారుగా, బురదకి అడ్డంగా దాటండి.

వడ్లు, మొక్కజొన్న. నవంబరు, డిసెంబరుల్లో సర్వీసు రోడ్ల మీద, ఒక్కోసారి హైవే అంచునే ఆరబోస్తారు. వాన రాగానే బరకాలు కప్పి అంచుల మీద రాళ్ళు పెడతారు. చీకట్లో ఆ రాయి కనిపించదు, తడిసిన బరకం మీద టైరు ఆగదు. ఆ రోజుల్లో ఎడమ అంచు వదిలి కొంచెం లోపలగా నడపండి. రైతు తిట్లు మాట అటుంచి, ఆ గింజ ఆయన ఏడాది కష్టం. దాని మీదనుంచి పోవద్దు.

చేపల లారీలు. ఏలూరు దాటాక ఎక్కువ కనిపిస్తాయి. వాటినుంచి కారే నీళ్ళు రోడ్డుని జిగురు చేస్తాయి. వెనకే అంటిపెట్టుకుని పోకండి.

టోల్ గేట్లు. జాతీయ రహదారుల మీద బైకులకి టోల్ లేదు, ఎడమ పక్క సందులోంచి పోతాం. ఆ సందులో కారిన డీజిలు, నున్నబడిన సిమెంటు ఉంటాయి. నీటి మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే అది డీజిలే.

ఇంకా: జీబ్రా గీతలు, తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల మీది ఇనుప జాయింట్లు, రైలు పట్టాలు. అన్నిటికీ ఒకటే మందు: వంచకుండా, బ్రేకు లేకుండా, వీలైనంత అడ్డంగా దాటడం.

గేదెలు వాన వెలిసిన వెంటనే రోడ్డు మీదికి వస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకోటి ఉన్నట్టే. ఆగి పోనివ్వండి.

7. లారీలు, ఈదురుగాలి, వంతెనలు

లారీ వెనక చక్రాలనుంచి లేచే తుంపరలో పది మీటర్ల అవతల ఏమీ కనపడదు. అందులో ఇరుక్కుని ఓవర్‌టేక్ చేయబోవడం వానలో జరిగే తప్పుల్లో చాలా పెద్దది. ముందు వెనక్కి తగ్గి, తుంపర బయటికి రండి. ముందంతా ఖాళీ అని చూశాకే, కుడివైపునుంచి తడబడకుండా దాటండి. లారీ ముందుభాగం దాటగానే గాలి పక్కనుంచి కొడుతుంది. దానికి సిద్ధంగా ఉండండి.

ఎన్‌హెచ్-16 మీద సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి గోదావరి వంతెనలు పొడవైనవి. వాటి మీద గాలికి అడ్డు ఉండదు. వేగం తగ్గించి, లేన్ మధ్యలో ఉండండి. గాలి అటు తోస్తే సర్దుకోవడానికి రెండువైపులా చోటు కావాలి. బండి ఊగిపోతోందంటే వంతెన ఎక్కకముందే ఆగిపోవాలి, మధ్యలో ఆగే చోటుండదు.

హజార్డ్ లైట్లు వేసుకుని నడపొద్దు. మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. లో బీమ్ చాలు.

8. నీళ్ళు నిలిచినచోట, వాగు పొంగినచోట

ఈ రెండూ ఒకటి కావు. నిలిచిన నీళ్ళకి ఒక పద్ధతుంది. పారే నీళ్ళకి ఉన్నది ఒకటే: దిగకపోవడం.

ఎన్‌హెచ్-65 మీద నందిగామ దగ్గర ఐతవరం పేరు గుర్తుంచుకోండి. 2023 జూలైలో మున్నేరు పొంగి అక్కడ నాలుగు వరసల హైవే మీదికే నీళ్ళొచ్చాయి, హైదరాబాద్-విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడూ అదే పరిస్థితి. ఆ వైపు కుండపోత ఉందని తెలిస్తే కోదాడ దాటకముందే పోలీసుల్ని, పెట్రోలు బంకువాళ్ళని అడగండి. నార్కట్‌పల్లి దగ్గరే తెలిస్తే మిర్యాలగూడ, దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా గుంటూరు వైపు ఇంకో దారి ఉంది. అటు కృష్ణ ఎలా ఉందో కూడా కనుక్కున్నాకే మళ్ళండి.

చప్టా మీద నీళ్ళు పారుతుంటే, అవతల ఎవరో దాటుతున్నారని మీరు దిగకండి. పైనుంచి మోకాలిలోతు అనిపించినా, కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే తెలియదు.

నిలిచిన నీళ్ళలో దిగేముందు:

- మీ బండి ఎత్తున్న ఇంకో బండి దాటేదాకా చూడండి. చక్రం ఇరుసు మునిగితే వద్దు.
- ఫస్ట్ గేరు. యాక్సిలరేటర్ ఒకే స్థాయిలో, వేగాన్ని క్లచ్‌తో అదుపు చేయండి. మధ్యలో గేరు మార్చొద్దు, యాక్సిలరేటర్ వదలొద్దు.
- రోడ్డు మధ్య ఎత్తుగా ఉంటుంది, అక్కడే నడపండి. కాలువలు, తెరిచిన మూతలు అంచున ఉంటాయి.
- ఎదురుగా బస్సు వస్తుంటే ఆగండి. దాని అలే మీ ఎయిర్ ఫిల్టర్‌దాకా వస్తుంది.
- బయటికి వచ్చాక తక్కువ వేగంలో రెండు బ్రేకులూ మెల్లగా పట్టి వదులుతూ కొంతదూరం పోండి. మొదట పట్టు ఉండదు, రెండు మూడుసార్లకి ఆరి పట్టుకుంటాయి. అది తెలిశాకే వేగం పెంచండి.

నీళ్ళలో ఇంజన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. సిలిండర్‌లోకి నీళ్ళు పోయి ఉంటే, ఆ నొక్కుకి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బండిని గట్టుకి తోయండి. స్పార్క్ ప్లగ్ విప్పి క్యాప్ దూరంగా పెట్టండి. కిక్ కొట్టి, కిక్ లేకపోతే సెల్ఫ్‌తోనే, ప్లగ్ రంధ్రంలోంచి నీళ్ళన్నీ పోయేదాకా తిప్పండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె తెరిచి తుడవండి. ఇంజన్ ఆయిలు పాల టీ రంగులోకి మారిందంటే అందులో నీళ్ళు కలిశాయి. ఆయిలు మార్చకుండా స్టార్టు చేయొద్దు.

9. ఉరుములు, పిడుగులు

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి. అన్ని కిలోమీటర్ల దూరంలో పిడుగు ఉన్నట్టు. 30 సెకన్లలోపే ఉరుము వినిపిస్తే ఆగాలి. రబ్బరు టైర్లు కాపాడతాయన్నది నిజం కాదు.

చెట్టు కిందికి పోవద్దు. పొలం మధ్య ఒంటరి తాడిచెట్టు కిందికి అసలే వద్దు. పక్కా భవనం, బంకు ఆఫీసు గది, ఆగి ఉన్న బస్సు మంచివి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయల్దేరండి.

10. అనంతగిరి ఘాట్

ఎస్.కోట నుంచి అరకు ఎక్కే కొండదారి ఇదే. ఎస్.కోటలో ట్యాంకు నింపుకోండి, ఇంట్లోవాళ్ళకి ఫోను చేసి చెప్పండి. పైన చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పొద్దున ఎక్కడం మంచిది. మధ్యాహ్నం తర్వాత గాలికొండ వైపు మబ్బు రోడ్డు మీదికే దిగుతుంది.

మలుపులో ఆర్టీసీ బస్సుకి రోడ్డు మొత్తం కావాలి. హారన్ కొట్టండి, ఎడమకి ఒదగండి, బస్సుని పోనివ్వండి. ఎక్కే బండికి దారి ఇవ్వడం నియమం. దిగేటప్పుడు అది మీరు గుర్తుంచుకోవాలి.

చెట్ల నీడలో అంచున పాచి, మలుపు లోపలివైపు గులక, రాలిన ఆకులు ఉంటాయి. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడే కనిపిస్తుంది. లో బీమ్ వేసి, ఎడమ గీత చూస్తూ 20, 25లో పోండి. ఏమీ కనపడకపోతే రోడ్డు అంచున కాదు, డముకు దగ్గరున్నట్టు రోడ్డుకి దూరంగా జరిగే చోటు చూసుకుని ఆగాలి. కొండవైపునుంచి చిన్న రాళ్ళు, ఎర్ర నీళ్ళు కారుతుంటే అక్కడ ఫొటోల కోసం నిలబడొద్దు. పైన మట్టి కదులుతోందని గుర్తు.

దిగేటప్పుడు సెకండ్ గేరు. క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి జారుకుంటూ రావడం వద్దే వద్దు.

తడిసిన ఒంటికి గాలి తగిలితే వణుకు పుడుతుంది. వేళ్ళు సరిగ్గా ముడవలేకపోతున్నారంటే నడిపే స్థితిలో లేరు. ఆగి, పొడి బనీను వేసుకుని, జాకెట్ లోపల ఛాతీకి నాలుగు మడతల న్యూస్‌పేపర్ పెట్టుకోండి. వేడిగా ఏదైనా తాగాకే బయల్దేరండి.

11. గదికి చేరాక, స్నానానికి ముందే

- చైన్ తుడిచి, బండి వేడి తగ్గకముందే స్ప్రే కొట్టండి. ఒక్క వాన రోజు చాలు చైన్ ఎర్రబడటానికి.
- డిస్క్, చక్రాల మధ్య ఇరుక్కున్న బురద బకెట్ నీళ్ళతో కడగండి.
- షూలలో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. హెల్మెట్ ప్యాడ్లు విప్పి ఫ్యాను కింద పెట్టండి.
- టైర్ల చుట్టూ చెయ్యి పోనిచ్చి మేకులు, గాజు ముక్కలు చూడండి. వానలో పంక్చర్లు ఎక్కువ.
- రేపటి జిల్లాల హెచ్చరిక చూసి, రంగుని బట్టి బయల్దేరే టైము రాసుకోండి.

పొద్దున బండి తీశాక, గేటు దాటకముందే రెండు బ్రేకులూ ఒకసారి పట్టి చూడండి. రాత్రంతా తడిలో ఉన్న డిస్కుకి తుప్పు పొర పడుతుంది, మొదటి పట్టుకి గరగరమంటుంది. రెండు మూడు పట్లకి పోకపోతే మెకానిక్ దగ్గరికి పోయాకే హైవే ఎక్కండి.